అక్క ఆగిన మాట

“చప్పుడు ఆగేదాకా ఆగుదామమ్మా” అని అద్దం అవతలి నుంచి రికార్డింగు చేసే చెవులాయన చెప్పాడు. ఆగడం తప్ప చేసేదేమీ లేదు కనుక ఆమె హెడ్‌ఫోన్లు తియ్యకుండానే కుర్చీలో వెనక్కి వాలింది. బయట పైపుల కోసం రోడ్డు తవ్వుతున్నారు. ఈ గదికి గోడల నిండా స్పాంజి పలకలు, తలుపు చుట్టూ రబ్బరు అంచు, నేల మీద మందపాటి తివాచీ, మనిషి గొంతు చించుకుని అరిచినా బయటికి పోదు, ఆ డ్రిల్లు మాత్రం నేలలోంచి కుర్చీ కాళ్ళలోకి, అక్కడి నుంచి వెన్నులోకి దర్జాగా పాకి వస్తోంది, మనిషికి లేని మర్యాద మిషనుకు దక్కుతోంది, దక్కనీ, ఇంకాసేపు తవ్వనీ, ఊరంతా తవ్వనీ, ఆ తవ్వకం ఆగితే ఎర్ర దీపం వెలుగుతుంది, దీపం వెలిగితే మిగిలిన ఆ నాలుగు వాక్యాలూ చెప్పెయ్యాలి, అవి చెప్పేస్తే మాటలన్నీ అయిపోతాయి, మాటలు అయిపోతే ముందుగదిలో కూర్చున్న పిల్ల లేచి నిలబడి మా అమ్మ ఏది అని అడుగుతుంది.

ఆ పిల్ల ఇక్కడి నుంచి కనిపిస్తూనే ఉంది. చెవులాయన గది దాటి, ఆ గది తలుపుకున్న అద్దం కూడా దాటి, సోఫాలో ఒక మూలకి ఒదిగి కూర్చుంది, కాళ్ళు నేలకి అందడం లేదు. అక్క కూతురు. ఇంట్లో అందరికీ ఆవగింజ. పుట్టినప్పుడు చూడవచ్చిన వాళ్ళంతా ఇంతేనా, ఇంతేనా అంటుంటే అక్కకి ఒళ్ళు మండి, అవును, ఆవగింజంతే, అయితే ఏంటి మీకు అంది, కోపంతో అన్న మాట ముద్దుపేరై కూర్చుంది. ఇవాళ ఆవగింజ పుట్టినరోజు. కొత్త గౌను, దానికి వెనక కుట్టిన పెద్ద బో వల్ల ఆనుకుని కూర్చోవడం కుదరక ముందుకి వంగి కూర్చుంది, ఒళ్ళో ఒక ప్లాస్టిక్ సంచి. సంచిలో అక్క చెప్పులున్నాయి. పొద్దున్న బయల్దేరుతుంటే అలమార కిందికి దూరి వెతికి తెచ్చుకుంది, అమ్మ చెప్పులు ఇంట్లోనే ఉండిపోయాయి కదా పిన్నీ, వచ్చేటప్పుడు ఎలా నడుస్తుంది అంది, అప్పుడే చెప్పెయ్యాల్సింది, ఆ సంచి లాక్కుని, లేదురా తల్లీ అనాల్సింది, అనలేదు, పద పద ఆలస్యమవుతోంది అంది. ఆలస్యమట! ఏ రైలు తప్పిపోతోందని.

హెడ్‌ఫోన్లలో ఏమీ లేదు, ఉత్త గాలి. ఉత్త గాలి అని మనం అనుకుంటాం కానీ చెవులాయన ఒప్పుకోడు, గదిలో ఎవరూ మాట్లాడనప్పుడు కూడా గదికి ఒక చప్పుడుంటుందమ్మా అంటాడు, రోజూ పని మొదలయ్యే ముందు ఆ చప్పుడునే కాసేపు పట్టి దాచుకుంటాడు. కడుపులో కూసినా, గాజు గాజుకి తగిలినా, ముందురోజు ఏడ్చిన గొంతైనా పట్టేస్తాడు కనుక చెవులాయన, ఆ పేరూ అక్క పెట్టిందే, అందరికీ పేర్లు పెట్టి చక్కా పోయింది. నిజంగా గదికి ఒక చప్పుడుందా? ఉంటే అందులో అక్క ఎంత మిగిలుంది? ఇదే కుర్చీ, ఇదే మైకు, మైకు ముందు ఇదే నల్లగుడ్డ జల్లెడ, దాని మీద పడని అక్క ఊపిరి లేదు, ఎవరైనా ఉతికారో లేదో. మొదటిరోజు ఇక్కడ కూర్చున్నప్పుడు కుర్చీ వెచ్చగా ఉన్నట్టనిపించి ఉలిక్కిపడింది, ఏసీ పాడైందని తర్వాత తెలిసింది, తెలిసినా భయం మాత్రం పోలేదు.

మాట్లాడే నిఘంటువు ఇది. ఫోన్లో ఒక ఇంగ్లీషు మాట మీద వేలు పెడితే ఆ మాట ఒకసారి, దాన్ని వాడిన వాక్యం ఒకసారి, తెలుగులో అర్థం ఒకసారి ఒక ఆడగొంతు చెబుతుంది. మొదటి అక్షరం నుంచి సెలబ్రేట్ అనే మాట దాకా ఆ గొంతు అక్కది. సెలబ్రేట్‌లో కూడా మొదటి అర్థం దాకానే. ఆ వాక్యం చెప్పి, మంచినీళ్ళు తాగి, కొంచెం నలతగా ఉంది, మిగతావి రేపు చూద్దాం అని వెళ్ళింది, ఆ రేపు ఆసుపత్రిలో తెల్లారింది, ఆ తర్వాత తెల్లారలేదు. కంపెనీ వాళ్ళు కొత్త గొంతుతో మొదటి నుంచీ చేయించాలంటే తల ప్రాణం తోకకొస్తుందని తలపట్టుకుంటే, పరామర్శకి ఇంటికొచ్చిన చెవులాయన గుమ్మంలో ఆమె గొంతు విని చెప్పులు విప్పుతూ విప్పుతూ అలాగే నిలబడిపోయాడు. అక్కాచెల్లెళ్ళ గొంతులు ఒకటేనని ఇంట్లో అందరికీ తెలుసు, బావ కూడా పెళ్ళయిన కొత్తల్లో ఫోన్లో ఆమెని అక్క అనుకుని ఏదో అనబోయి నాలుక కరుచుకున్నాడు, దాని మీద ఎన్ని నవ్వులు. ఆ నవ్వులు ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

తర్వాతి మాట నుంచి చివరి అక్షరం దాకా ఆమె చెప్పింది, కానీ ఆ సంగతి వినేవాళ్ళకి తెలియకూడదు. దానికో పద్ధతుంది, కొస అందుకోవడం అంటారు. పాత గొంతు చెప్పిన వాక్యం ఒకటి ముందు చెవుల్లో వినిపిస్తారు, అది ఏ ఎత్తులో ఆగిందో ఆ ఎత్తులోనే, ఆ తడితోనే, ఊపిరి వదిలిన చోటే ఊపిరి పీల్చి కొత్త వాక్యం మొదలెట్టాలి, అతుకు కనపడకుండా. అలా ప్రతి రోజూ, ప్రతి మాటకీ అక్క చెవిలోకొచ్చి ఒక వాక్యం చెప్పి తప్పుకునేది, ఆమె కొస అందుకునేది. మొదట్లో ఆమె ఏడ్చేస్తే చెవులాయన పని ఆపేసేవాడు. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత అలవాటు కాదు, అదొక రుచి అయింది, సిగ్గుపడాల్సిన సంగతే కానీ నిజం, పొద్దున్నే ఆ ఊపిరి చప్పుడు వినకపోతే తోచేది కాదు, ఆదివారాలు పిచ్చెక్కేది. కూరల అంగడిలో బేరమాడుతూ ఒకరోజు తన నోట్లోంచి అక్క గొంతు రావడం విని బేరం మధ్యలో వదిలేసి వచ్చేసింది. తనకసలు వేరే గొంతంటూ ఉండేదా, చిన్నప్పుడు అలిగి గదిలో కూర్చుని ఏడ్చినప్పుడు వచ్చింది ఎవరి గొంతు, గుర్తులేదు. అతుకు బాగా కుదిరిందని కంపెనీ వాళ్ళు మెచ్చుకుని ఒక శాలువా కప్పారు. ఇంట్లో దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక మంచం కింద పెట్టెలో కుక్కింది.

ఆ సగం మాటని మాత్రం వదిలేసింది. అది చివర్లో చూద్దామన్నా అంటే, సరేనమ్మా అన్నాడు చెవులాయన, ఎందుకని అడగలేదు, అడక్కపోవడం ఆయన మంచితనం. అసలు ఆ మాట అక్కని బతికుండగానే ఎంత వేపుకు తిందని. నిఘంటువు రాసే పెద్దాయనకీ అక్కకీ దాని మీద పెద్ద గొడవ, ఆ గొడవ మొత్తం అక్క ఇంటికొచ్చి ఆయనలా కళ్ళజోడు ముక్కు కొసకి లాక్కుని అభినయించి చూపించింది. సంతోషమైన రోజుని నలుగురితో కలిసి జరుపుకోవడం, అది మొదటి అర్థం. పెళ్ళిలాంటి తంతుని అందరి ముందూ జరిపించడం రెండోది. ఒకరి గొప్పతనాన్ని నోరారా పొగడటం మూడోది, నదుల్నీ వీరుల్నీ కవులు అలా పొగుడుతారట. ఇక నాలుగోది ఈమధ్య పుట్టిందట, పోయినవాళ్ళు బతికిన బతుకుని తలుచుకుని సభ పెట్టుకోవడం, దానికీ అదే మాట. పోయినవాళ్ళని తలుచుకుని ఏడ్చే ఓపిక కూడా లేకుండా పోయిందన్నమాట జనానికి అని అక్క అంటే, నీకెందుకమ్మా, రాసింది చదువు అన్నాడట పెద్దాయన. మన భాషలో వర్ధంతినీ జయంతినీ ఒకే నోటితో జరుపుకుంటాం, ఇంగ్లీషులో ఏడుపు రోజుకి ఈ మాట వాడితే నవ్వుతారు, పిల్లలు పరీక్షలో రాసి మార్కులు పోగొట్టుకుంటారు, అందుకని చివర ఒక జాగ్రత్త వాక్యం కూడా పెట్టాడు. అయితే ఏడుపు రోజుకి ఏ మాట వాడాలి సార్ అని అక్క అడిగిందట. ఆయన ఆలోచించి, దానికి వేరే మాట ఉందిలే, అది ఇంకా దూరం, వచ్చినప్పుడు చూద్దాం అన్నాడట. ఆ మాట వచ్చేసరికి చూసింది అక్క కాదు, ఆమె.

మొదటి అర్థానికి పెద్దాయన రాసిన వాక్యంలో ఒక అబ్బాయి పుట్టినరోజు ఉండేది. ఎప్పుడూ అబ్బాయేనా సార్, మా ఇంట్లో ఆడపిల్లుంది అని అక్క పోట్లాడి మార్పించింది. ప్రతి ఏడూ మేము మా పాప పుట్టినరోజు జరుపుకుంటాం. అంతే వాక్యం, అందులో గొప్పేముంది, ఇంగ్లీషులో అయితే ఇంకా పొట్టిది, కానీ ఎంత ముద్దుగా చెప్పింది, పాప అన్నచోట గొంతు నవ్వబోయి ఆగింది, చెవులాయన దాన్ని కత్తిరించలేదు. ఆవగింజకి ప్రాణం ఆ వాక్యం. బావ ఫోన్ తీసుకుని దుప్పట్లో దూరి దాని మీద వేలు పెట్టడం, మళ్ళీ పెట్టడం, మళ్ళీ.

అక్కడి వరకూ బాగానే ఉంది, ఎవరైనా ఏం అనుకుంటారు, పాపం వాళ్ళమ్మ గొంతు వింటోందిలే అనుకుంటారు. అమ్మ ఇక రాదురా అని బావ ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పినప్పుడు ఆ పిల్ల తల ఊపింది. ఏడవలేదు. ఎంత బుద్ధిమంతురాలో అని చుట్టాలంతా ముక్కు మీద వేలేసుకున్నారు. కానీ నిఘంటువులో వారం వారం కొత్త మాటలొచ్చి చేరుతూనే ఉన్నాయి. ఒకరోజు ఫోన్ పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తుకొచ్చి, నాన్నా, అమ్మ ఇవాళ వాన చెప్పింది, నిన్న లేదు, ఇవాళ చెప్పింది అంది. బావ చేతిలో గరిటె చేతిలోనే ఉండిపోయింది. అవునా అన్నాడు. ఆ ఒక్క అవునాతో మొత్తం మునిగింది. చనిపోయినవాళ్ళు కొత్త మాటలు చెప్పరు, అమ్మ చెబుతోంది, కనుక అమ్మ ఆ ఆఫీసులోనే ఉంది, మాటలు బోలెడున్నాయి కనుక ఇంటికి రావడానికి తీరిక దొరకడం లేదు, ఇందులో తప్పెక్కడుంది, పెద్దవాళ్ళ లెక్కకన్నా సరిగ్గా ఉంది. ఆమె అతుకు కుదిర్చిన కొద్దీ, ఊపిరి ఊపిరికీ సరిపోయిన కొద్దీ అక్కడ దుప్పట్లో ఒక పిల్లకి తల్లి బతుకుతూ వచ్చింది. పగలు ఇక్కడ శాలువా కప్పించుకుంది, రాత్రి అక్కడ అన్నం తినిపిస్తుంటే, పిన్నీ, మా అమ్మ నీకు ఆఫీసులో కనిపిస్తుందా అంటే, వినిపిస్తుందిరా అంది. అబద్ధం కాదు. అబద్ధం కాకపోవడమే దాంట్లో పాపం.

వారం కిందట చివరి అక్షరం పూర్తయింది. ఆ మాట బావ ఎవరితోనో ఫోన్లో అంటుంటే పిల్ల చెవిన పడింది. నిన్న ఆమె బావ ఇంటికి వెళ్ళేసరికి పిల్ల ఎదురొచ్చి, మాటలన్నీ అయిపోయాయంట కదా పిన్నీ అంది. ఒక్కటి మిగిలిందిరా అంది ఆమె. అది రేపు అవుతుందా? అవుతుంది. రేపు నా పుట్టినరోజు కదా, అమ్మ ప్రతి ఏడూ అని చెప్పింది కదా, ప్రతి ఏడూ అంటే ఈ ఏడు కూడా కదా. ఆమె బావ వైపు చూసింది, బావ సింకులో గిన్నె కడుగుతున్నాడు, కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతున్నాడు. పిల్ల పడుకున్నాక మెల్లగా అన్నాడు, “నా వల్ల కాదు. ఒకసారి చెప్పాను, మళ్ళీ చెప్పలేను. నువ్వే చూడు.” మీరేమో అవునా అన్నారు, ఇప్పుడు నన్ను చూడమంటున్నారా అని నోటిదాకా వచ్చింది, ఆయన ముఖం చూసి మింగేసింది.

చూడటానికి ఇంకో దారి లేకపోలేదు. పెద్దాయన పొద్దున్నే చెప్పాడు, రెండో భాగం మొదలుపెడుతున్నారట, కథల్లోంచి వాక్యాలు, ఇదే గొంతు కావాలట, ఏళ్ళ తరబడి పని. ఇంకా బోలెడు మాటలున్నాయిరా, అమ్మకి ఇంకా తీరికవ్వదు అని ఒక్క ముక్క అంటే చాలు. చెప్పుల సంచి పట్టుకుని తిరిగి ఇంటికి పోతుంది, కేకు కోస్తుంది, ఎవరికీ కన్నీటి చుక్క పడదు. అలా ఎన్నాళ్ళు? ఆ పిల్ల పెద్దదై, ఒకరోజు తనంతట తానే తెలుసుకుని, పిన్నీ, ఇన్నేళ్ళు మా అమ్మలా నువ్వెందుకు మాట్లాడావు అని అడిగేదాకా. కాదు, అంత దూరం కూడా ఎందుకు, అసలు ఎవరికోసం ఆ ముక్క అనాలని ఉంది, పిల్లకోసమా, తనకోసమా? మాటలు అయిపోతే రేపు పొద్దున్న చెవిలో ఎవరొచ్చి మాట్లాడతారు, ఏ కొస అందుకోవాలి, తన కొసని ఎవరు అందుకుంటారు, అక్క పోయిందని చుట్టాలందరితో పాటు ఏడ్చింది కానీ ఆమెకి మాత్రం అక్క పోలేదు, రోజూ ఆఫీసుకొచ్చి కలిసింది, దుప్పట్లో పిల్లకీ తనకీ తేడా ఏముంది. ఆ సంగతి తట్టేసరికి ఆమెకి చచ్చేంత భయం వేసింది. ఇద్దరూ కలిసి ఒక మనిషిని పోనివ్వకుండా చెరోపక్కా పట్టుకుని లాగుతున్నారు.

కుర్చీ వణకడం లేదు. డ్రిల్లు ఎప్పుడు ఆగిందో తెలియలేదు.

“మొదలెడదామా అమ్మా? కొస వినిపించనా?” అన్నాడు చెవులాయన.

“అన్నా, ఒక్క నిమిషం. పాపని లోపలికి పంపండి.”

ఆయన ఆమె వంక చూశాడు, తర్వాత వెనక్కి తిరిగి అద్దంలోంచి సోఫా వంక చూశాడు. లేచి వెళ్ళి చెయ్యిపట్టుకుని తీసుకొచ్చి, లోపలికి వదిలి, బరువైన తలుపు మూశాడు.

ఆవగింజ గది మధ్యలో నిలబడి నాలుగు వైపులా చూసింది. తలుపు వెనక్కి వెళ్ళి చూసింది. వంగి బల్ల కింద చూసింది. లేచి గౌను దులుపుకుంది.

“పిన్నీ, అమ్మ ఏది?”

“ఇలా రా.” ఒళ్ళో కూర్చోబెట్టుకుని హెడ్‌ఫోన్లు తీసి పిల్ల తలకి పెట్టింది, జారిపోతుంటే రెండు చేతులతో పట్టుకుంది, అద్దం వైపు తల ఊపింది. ఆమెకి వినపడలేదు కానీ పిల్ల ముఖంలో వాక్యం మొత్తం కనపడింది, పాప అన్నచోటు కూడా కనపడింది. ఆ ముఖం వెలిగి ఉండగానే, అది ఆరకముందే, ఆమె ఊపిరి పీల్చుకుని రెండో వాక్యం చెప్పింది, అక్క ఆగిన ఎత్తులోనే, అదే తడితో, జీవితంలో ఎప్పుడూ అంత బాగా చెప్పలేదు. మైకులోంచి ఆ గొంతు పిల్ల చెవుల్లోకి వెళ్ళింది. పిల్ల తల తిప్పి ఆమె పెదాల వంక చూసింది. చూసి, చిన్న అరచెయ్యి తెచ్చి ఆ నోటి మీద గట్టిగా పెట్టింది.

“నువ్వు చెప్పకు. అమ్మని చెప్పనీ.”

ఆమె ఆ చెయ్యి తీసి తన చేతుల్లో పెట్టుకుంది. హెడ్‌ఫోన్లు మెడ మీదికి జార్చింది. “అమ్మ ఇక్కడిదాకానే చెప్పింది తల్లీ. తర్వాత ఒంట్లో బాలేక వెళ్ళిపోయింది. చనిపోయింది. అప్పటినుంచీ చెప్పింది నేను. అమ్మలా చెప్పాను.” తన గొంతు వంకరటింకరగా, సన్నగా, ఎవరిదో తెలియనట్టు వచ్చింది. అదే తనదేమో.

ఆవగింజ కళ్ళు ఎటో లోపలికి చూస్తున్నాయి, ఏవో వెతుక్కుంటున్నాయి.

“ఏనుగు నువ్వా?”

“నేనే.”

“గొడుగు?”

“నేనే.”

“వాన కూడానా?”

“అది కూడా నేనేరా.”

“చీమ?”

“చీమ అమ్మ చెప్పిందే. ఇంగ్లీషులో అది మొదట్లోదే కదా.”

“పిల్లి?”

“పిల్లి అమ్మదే. అరటిపండు అమ్మదే. పక్షి, పడవ, మంచం, అవన్నీ అమ్మే చెప్పింది. అవెక్కడికీ పోవు.”

పిల్ల ఒక్కొక్కటీ విని తల ఊపింది, పంచి ఇస్తే తీసుకుంటున్నట్టు. తర్వాత అడగాలా వద్దా అన్నట్టు ఆమె జాకెట్టు అంచు పట్టుకుని నలుపుతూ, తల ఎత్తకుండా అడిగింది.

“మరి అమ్మ అన్న మాట? దాన్ని ఎవరు చెప్పారు?”

ఇంగ్లీషు అక్షరాల వరసలో అక్క అంతదూరం రాలేదు. ఆ రోజు ఆమెకి గుర్తుంది, ఆ మాట ఒక్కసారికే కుదిరింది, అతుకు ఎక్కడుందో పెద్దాయనే పట్టుకోలేకపోయాడు. ఇప్పుడు ఒక్క అబద్ధం, ఒకే ఒక్కటి, ఎవరికీ ఏ నష్టమూ లేనిది.

“నేను” అంది.

ఆవగింజ తల ఎత్తింది. నోరు తెరుచుకుంది, ముందు చప్పుడు రాలేదు. తర్వాత వచ్చింది.